ఇనుము తగలని నేల

గుండ్లదిన్నెలో నేల నిద్రపోయిన నాలుగో ఏడు, మిరప కోతల ఆఖరి వారంలో, మారెక్క సుగ్గిలో చనిపోయింది.

సుగ్గి అంటే ఆ ఊరి మాటలో వలస. కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఊళ్ళ జనం ఏటా చలికాలంలో ఇళ్ళకు తాళాలు వేసి, మూటలు కట్టి, లారీలెక్కి గుంటూరు వైపు మిరప కోతకు పోతారు. ఎండలు ముదిరేసరికి తిరిగొస్తారు. ఆ మధ్యాహ్నం మారెక్క కోస్తూ కోస్తూ సాలులో కూర్చుండిపోయింది. పక్క సాలులో ఉన్న గిడ్డయ్య, "ఏం మారెక్కా, అరపూట కూలితోనే కడుపు నిండినాదా?" అని ఎగతాళి చేశాడు. మాట పడి ఊరుకునే మనిషి కాదు ఆమె. జవాబు రాకపోయేసరికి అతను వచ్చి చూశాడు. వడదెబ్బ అని ఆసుపత్రిలో చెప్పారు.

ఆమె భర్త ఉరుకుందప్ప సుగ్గికి పోలేదు. నిద్రపోతున్న నేలకు అతను కాపలా. అడవిపందులు తవ్వకుండా, గరుసు మన్ను కోసం ట్రాక్టర్లు దిగకుండా చూడడం అతని పని. గిడ్డయ్య ఫోన్ వచ్చినప్పుడు అతను వాలు మీదే ఉన్నాడు. ఇంటికి వచ్చి తల్లికి చెప్పాడు, కూతురు సుంకమ్మకు చెప్పాడు. ఆ తర్వాత నస్రీన్‌కు ఫోన్ చేశాడు.

నస్రీన్ అప్పుడు పట్నంలో, సిటీ బస్సులో నిలబడి ఉంది.

"మారెక్క పాయమ్మా."

"ఎక్కడికన్నా?"

"సుగ్గిలో. పానం పాయ. పొద్దున్నకు బండి వస్తాది. రేపే మన్ను చేసేది."

ఉరుకుందప్పే మళ్ళీ అందుకున్నాడు.

"నువ్వు భూమి గురించి దిగులు పడొద్దమ్మా. ఇనుము తగలనీయం."

"సరే అన్నా. అవన్నీ ఇప్పుడెందుకు? నేను వస్తాను."

చేనులో మన్ను చేయరని ఆమెకు అర్థమైంది. చేనులోనే చేసుకోమందని అతనికి అర్థమైంది.

*

ఇనుము తగలనీయమనే ఆ మాట నాలుగేళ్ళ కిందట బడి ముందు పుట్టింది.

నస్రీన్ పట్నంలోని నేల పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. గుండ్లదిన్నెకు ఆమె తెచ్చింది ఒక బూజు. కేంద్రంలో దానికొక నంబరు ఉంది, ఊళ్ళో మాత్రం బూజు అనే అన్నారు. పేడనీళ్ళలో కలిపి చల్లితే అది భూమిలోకి దిగుతుంది. పోగులు పోగులుగా అల్లుకుంటూ, గట్లతో పని లేకుండా, ఒక చేను నుంచి ఇంకో చేనులోకి పాకుతుంది. రాయిని తిని మన్ను చేస్తుంది. కురిసిన వానను పోనీయకుండా పట్టి ఉంచుతుంది.

గుండ్లదిన్నె వాలు మీది మన్ను తాతల కాలం నుంచి వంకలోకి కొట్టుకుపోతూ వచ్చింది. కొన్ని చేలల్లో మడక కట్టగానే కర్రుకు గుండు తగిలేది. ఏడేళ్ళు కదపకుండా వదిలేస్తే మళ్ళీ మోకాలి లోతు మన్ను వస్తుందని నస్రీన్ చెప్పింది.

"ఏడేండ్లు ఏం తినల్ల?" అని అడిగింది ఉరుకుందప్ప తల్లి తిప్పక్క. ఊరంతా ఆమెను అవ్వ అంటారు.

జవాబు మారెక్క చెప్పింది. "ఏముందవ్వా, సుగ్గికి పోతే సరిపాయ. సుగ్గి మానల్లంటే సుగ్గికి పోవల్లంట. మేడమ్ లెక్క బాగుండాది."

అందరూ నవ్వారు. నస్రీన్ కూడా నవ్వింది. ఆ లెక్క తప్పని మాత్రం ఎవరూ అనలేదు. నేల బాగుపడితే సుగ్గి ఉండదు. అందుకే వచ్చారు ఆ సమావేశానికి.

అప్పుడు నస్రీన్ సంచిలోంచి గాజు ట్రే తీసింది. ట్రేలో మన్ను, మన్నులో బూజు అల్లిక. చాకుతో మధ్యలో కోసింది. జనం చుట్టూ మూగారు. కాసేపటికి ఆ కోతలో నీటి చెమ్మ కనిపించింది, తర్వాత నీళ్ళు నిలిచాయి. ట్రే అంచుల్లో మన్ను తెల్లబడింది.

"గాయమైతే ఇది చుట్టూ ఉన్న నీళ్ళన్నీ అక్కడికే పంపుతుంది," అంది నస్రీన్. "గాయం మూసుకునేదాకా పంపుతూనే ఉంటుంది. కాబట్టి ఉపరితల నిర్మాణానికి, దాని అవిచ్ఛిన్నతకు భంగం కలిగించే ఏ చర్య అయినా..."

జనం ముఖాలు చూసి ఆగిపోయింది. ఉరుకుందప్ప లేచాడు.

"అంటే ఇనుము పెట్టకూడదు. మడక గానీ, గుంటక గానీ, పార, గడ్డపార, ఏదైనా గానీ. నాగుల చవితినాడు భూమికి ఇనుము తగలనీయం కదా, అట్ల. ఈ ఏడేండ్లూ మనకు చవితే."

ఆ మాట అందరికీ ఎక్కింది. నస్రీన్‌కు బరువు దిగినట్టయింది. "అంతే అన్నా. అదే," అంది.

ఆనాటి నుంచి ఆ ఏళ్ళకు ఊళ్ళో ఏడేళ్ళ చవితి అని పేరు. వాలు మీద ఎవరైనా గట్టిగా దగ్గితే గిడ్డయ్య, "మెల్లగరా, నేల లేస్తాది," అనేవాడు. పిల్లలు అది నిజమే అనుకుని ఆ పక్కకు పోతే గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు.

మూడో ఏట చేదబావిలో నీళ్ళు పైకి వచ్చాయి. ట్యాంకరు రావడం మానేసింది. నాలుగో ఏట సుగ్గి లారీ ఎక్కేముందు మారెక్క బావిలోకి తొంగి చూసింది. "నేనొచ్చేసరికి అన్నీ తాగేసేరు, నాకు గొంత మిగిల్చండి," అంది అక్కడున్న ఆడవాళ్ళతో.

*

బండి పొద్దున వచ్చింది. ఐసు కరిగి వెనక తలుపు కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. సుగ్గికి పోయినవాళ్ళు అదే బండి వెంట లారీలో తిరిగొచ్చారు. కోతలు ఇంకా మిగిలే ఉన్నాయి.

గుండ్లదిన్నెలో ఎవరి చనిపోయినవాళ్ళు వాళ్ళ చేని అంచునే ఉంటారు. ఉరుకుందప్ప చేని అంచున అతని నాయన ఉన్నాడు, మారెక్క మొదటి కాన్పు బిడ్డ ఉన్నాడు. వాళ్ళ తలాపున నాటిన రాళ్ళు అప్పటికే సగానికి పైగా మన్నులోకి దిగి ఉన్నాయి.

"వంక ఇసుకలో చేద్దామా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"సుగ్గిలో సచ్చిన మనిషిరా," అంది తిప్పక్క. "ఊరు గాని ఊర్లో సచ్చింది. ఇంటి మన్నన్నా దక్కొద్దా దానికి? బిడ్డ పక్కన పెట్టు."

"మరి చవితి?"

ఉరుకుందప్ప అన్నాడు: "ఇనుము లేకుండా తవ్వుదాం."

ఆ మాటతో ఊరంతా కదిలింది. కట్టెగూటాలు తెచ్చారు. కొబ్బరి చిప్పలు తెచ్చారు. రోకళ్ళు తెచ్చారు. రోకలి అడుగున ఇనుప పొన్ను ఉంటుంది. గిడ్డయ్య రాతికి వేసి కొట్టి పొన్నులు ఊడదీశాడు. మగవాళ్ళు మొలతాడుకు కట్టుకున్న తాళంచెవులు విప్పి ఒక తుండులో మూటగట్టారు. సుంకమ్మ జడపిన్నులు తీసి దూరంగా బండ మీద పెట్టి, జుట్టు ముడేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మన్ను తోడింది.

పై పొర చినుగుతుంటే పాతబట్ట చినిగిన చప్పుడైంది. తెల్లటి పోగులు వేళ్ళకు చుట్టుకున్నాయి. కింద మన్ను నల్లగా ఉంది. పిడికిట్లో పిసికితే ముద్ద అయింది. గిడ్డయ్య ఆ ముద్దను అందరికీ చూపించాడు.

"ఇట్లాంటి మన్ను మా తాత గూడా సూసిండడప్పా. మారెక్క అదృష్టం."

పొద్దు వాలేలోపు మారెక్కను మన్ను చేశారు. ఎక్కడా ఇనుము తగల్లేదు. తిరిగొస్తుంటే ఉరుకుందప్ప కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "అమ్మ ఇంటికొచ్చింది నాయనా," అంది సుంకమ్మ.

*

కేంద్రంలో ట్రేలకు నీళ్ళు పెట్టే మనిషి సెలవులో ఉన్నాడు. అతను వచ్చాక నస్రీన్ బయల్దేరింది. మూడో దినానికి గాని గుండ్లదిన్నె చేరలేదు. ఆ రోజు సమాధి మీద పాలు పోస్తారు. చెంబు పట్టుకుని ముందు తిప్పక్క నడిచింది, వెనక ఇంటివాళ్ళు, వాళ్ళ వెనక నస్రీన్. బాట చీలిన చోట ఎడమకు తిరిగితే వంక. తిప్పక్క కుడికి తిరిగింది.

"అవ్వా, ఇటెక్కడికి?"

"మారెక్క దగ్గరికే."

చేని అంచున మన్ను దిబ్బ ఉంది. ఎండాకాలం. చుట్టూ నేల పొడిగా ఉంది. దిబ్బ తడిగా ఉంది. ఉరుకుందప్ప పాలు పోశాడు. పాలు ఇంకలేదు. దిబ్బ మీద అలాగే నిలబడ్డాయి, తర్వాత పక్కకు కారాయి.

"కడుపు నిండింది దానికి," అంది తిప్పక్క. కళ్ళు తుడుచుకుంది.

నస్రీన్ వంగి చెయ్యి పెట్టి చూసింది. తిరిగొచ్చేటప్పుడు బావి దగ్గర ఆగింది. మన్ను చేసిన నాటి నుంచి నీళ్ళు కిందికి దిగుతున్నాయి, గిడ్డయ్య భార్య చేద తాడుకు ఇంకో తాడు ముడేస్తోంది. ఉరుకుందప్ప వస్తున్నాడని చూసి ముడిని కొంగులో దాచుకుంది.

నస్రీన్ బడి వెనక్కి పోయి కేంద్రానికి ఫోన్ చేసింది. ఆమె పైఅధికారి శేషగిరి ఎత్తాడు.

"సార్, కట్టెముక్క పెట్టిన ట్రే గుర్తుందా?"

"ఎందుకు లేదు? కోత పెట్టి అందులో కట్టెముక్క దిగ్గొట్టాం. గాయం మూసుకోలేదు. ట్రే ఎండిపోయేదాకా నీళ్ళు లాగుతూనే ఉంది."

"ముక్క తీసేస్తే?"

"తెల్లారేసరికి మూసుకుంది. ఏం, అక్కడ ఎవరైనా కోశారా?"

"తవ్వారు సార్. నిలువెత్తు గుంత."

"అయ్యో. పూడ్చారా? లోపల ఏమన్నా ఉందా?"

"ఉంది."

"తీసెయ్యమను వెంటనే. వాలు నీళ్ళన్నీ అక్కడికే పోతాయి. ముందు బావి పోతుంది, తర్వాత అల్లికే ఎండుతుంది. నాలుగేళ్ళ పని నస్రీన్! ఏం పెట్టారు అందులో?"

"మనిషిని సార్."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నేనేమీ చెప్పలేనమ్మా," అన్నాడు శేషగిరి చివరికి.

*

ఆమె అరుగు మీద కూర్చుని ఉరుకుందప్పకు చెప్పింది. గిడ్డయ్య ఉన్నాడు. తిప్పక్క గడపలో ఉంది. సుంకమ్మ లోపల రొట్టె కాలుస్తోంది.

ఉరుకుందప్ప అంతా విన్నాడు.

"ఇనుము తగల్లేదు గదమ్మా," అన్నాడు.

"ఇనుము కాదన్నా. కోత. దేంతో తవ్వినా ఒకటే."

"మరి ఆ పొద్దు నేను ఇనుమంటే ఔననింటివే."

"అన్నాను."

"ఫోన్లో చెప్తే సరే అంటివే."

"వంక దగ్గర చేస్తారనుకున్నానన్నా."

ఉరుకుందప్ప తల ఆడించాడు. "నువ్వు పట్నం మాట చెప్పినావు. దాన్ని నేను ఊరి మాట చేసినాను." కాసేపాగి అడిగాడు. "లోపల ముల్లు ఉన్నన్ని రోజులూ మానదు. అంతే గదా?"

నస్రీన్ ఔనన్నట్టు తల ఊపింది. అతను ఆమె ముఖం చూశాడు.

"ఒరే ఉరుకుందప్పా," అన్నాడు గిడ్డయ్య, "నీళ్ళు పోతే పోనీరా. మనమేమన్నా నీళ్ళల్లో పుట్టినామా? ట్యాంకరు తాగినోళ్ళం, మళ్ళా తాగుతాం."

"మూసిన మన్ను తెరవరు," అంది తిప్పక్క. "మన వంశంలో లేదు. అట్ల చేస్తే నువ్వు నా కొడుకువే కాదు."

ఊళ్ళో సంగతి తెలిసింది. ఎవరూ ఉరుకుందప్పను ఏమీ అడగలేదు. అతను ఎదురైతే కడవలు తీసుకుని పక్క సందులోకి తప్పుకున్నారు. గొర్రెలను దూరపు చెరువుకు తోలారు. బావిలో బురద తేలాక ఆడవాళ్ళు బట్టలో వడకట్టుకున్నారు. అతని ఇంటి గడప ముందు మాత్రం పొద్దున్నే ఎవరో ఒక కడవ తేట నీళ్ళు పెట్టి పోయేవాళ్ళు. అది అతను చూశాడు.

నస్రీన్ ఊరు విడిచి పోలేదు. బడిలో పడుకుంది. రోజూ వాలు మీద తిరిగి మన్ను పట్టి చూసింది. పై చేలల్లో పోగులు రంగు మారి, తాకితే పొడి అవుతున్నాయి.

ఒకరోజు పొద్దున ఉరుకుందప్ప బడికి వచ్చాడు.

"పా అమ్మా. నువ్వు చెప్పినావు గాబట్టి నువ్వు గూడా రావల్ల."

"అన్నా, ఊరివాళ్ళెవరూ నిన్ను..."

"అడగలేదు. అడిగింటే బాగుండు, కాదని ఉందును." అతను తుండు నడుముకు కట్టుకున్నాడు. "ఈ నీళ్ళ కోసమే అది సుగ్గికి పోయింది. దాని కోసమని ఈ నీళ్ళు పోగొడితే, ఇంగ అది పోయిందెందుకు?"

సుంకమ్మ వాకిట్లో నిలబడి ఉంది. తండ్రి ఎటు పోతున్నాడో ఆమెకు తెలిసింది.

"ఒగసారి సుగ్గికి పంపిస్తివి," అంది. "ఇప్పుడు ఈడ నుంచి గూడా పంపిస్తావా?"

అతను ఆగాడు. ఆగి, మళ్ళీ నడిచాడు.

*

గిడ్డయ్య చేని దగ్గర కలిశాడు. ఎవరూ పిలవలేదు. అతని చేతిలో పార ఉంది. ఇక ఇనుము వాడినా తేడా లేదని నస్రీన్ చెప్పింది. ఉరుకుందప్ప పారను దూరంగా పెట్టించాడు. ముగ్గురూ చేతులతో తోడారు.

సగం లోతు నుంచి నీళ్ళు వచ్చాయి. చిప్పలతో చేదిపోశారు. మారెక్కకు చుట్టిన బట్ట కనిపించలేదు. బట్ట మీద తెల్లటి పోగులు ఇంకో బట్టలా అల్లుకుని ఉన్నాయి. తల నుంచి పాదాల దాకా కప్పి, అంచులు గుంత గోడల్లోకి పాకి ఉన్నాయి. ట్రేలలో నస్రీన్ అట్లాంటి అల్లిక చూడలేదు.

"విడిపించల్లనా?" అని అడిగాడు ఉరుకుందప్ప.

"విడిపించాలన్నా."

అతను గుంతలోకి దిగాడు. గోడల దగ్గర నుంచి మొదలుపెట్టి పోగులను వేళ్ళతో తెంపాడు. అవి తెగాయి. పాదాల దగ్గర తెంపడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి ఆగి, "ఇంగ అయిపోయింది, అయిపోయింది," అన్నాడు. అది నస్రీన్‌తో కాదు, గిడ్డయ్యతో కాదు.

గిడ్డయ్య పై నుంచి చేతులు చాచాడు. "ఇటియ్యిరా," అన్నాడు. ఇద్దరూ ఎత్తారు.

వంక ఇసుకలో రెండోసారి మన్ను చేశారు. తిప్పక్క రాలేదు. సుంకమ్మ రాలేదు. తలాపున గిడ్డయ్య ఒక రాయి నిలబెట్టాడు.

మరుసటి రోజుకు చేని అంచున, పూడ్చిన గుంత మీద అల్లిక మూసుకుంది. వారానికి బావిలో నీళ్ళు మళ్ళీ పెరిగాయి. ఆడవాళ్ళు ఒక ముడి విప్పేశారు. గడప ముందు కడవ పెట్టడం మానేశారు. ఇక అవసరం లేదు కదా.

ఆ ఏడు వాన బాగా పడింది. వాలు మీద పడిన వానను నేల పట్టి ఉంచింది. ఎగువ ఊళ్ళలో పడింది మాత్రం వంకలోకి వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత వంక గట్లు తన్ని పారింది. నీళ్ళు తీశాక ఉరుకుందప్ప పోయి చూశాడు. ఇసుక మేట కొత్తది. రాయి లేదు. అతను వంక వెంట దిగువకు పొద్దుగూకేదాకా నడిచి, తిరిగొచ్చాడు.

ఇంటికొచ్చి కూతురికి చెప్పాడు. ఆమె విన్నది. లేచి లోపలికి పోయింది.

వాకిట్లో ఆ మాట అన్న రోజు నుంచి సుంకమ్మ తండ్రితో మాట్లాడలేదు. ఇంటరు అయ్యాక నర్సింగు చదువుకు పట్నం పోయింది. డబ్బు కావాలన్నా, సెలవులకు వస్తున్నానన్నా గిడ్డయ్యకు ఫోన్ చేసి చెప్పేది. ఇంట్లో ఉన్నన్ని రోజులు తండ్రికి అన్నం పెట్టేది. కడవ తీసుకుని పక్క ఊరి కొళాయికి నడిచి తన మటుకు నీళ్ళు తెచ్చుకునేది. చేదబావి నీళ్ళు తాగలేదు. తిప్పక్క చనిపోయినప్పుడు కూడా తండ్రీకూతుళ్ళు పాడెకు అటూ ఇటూ నడిచారు గానీ మాట లేదు. అవ్వను వంక గట్టు మీద ఎత్తున మన్ను చేశారు.

*

నస్రీన్ ఇంకో రెండు ఊళ్ళలో బూజు చల్లించింది. అక్కడి సమావేశాల్లో ఇనుము అనే మాట వాడలేదు. ముందుగా, మీ ఊళ్ళో చనిపోయినవాళ్ళను ఎక్కడ పెడతారు అని అడిగింది.

ఏడేళ్ళు నిండాయి. ఏరువాకకు ముందు వాన పడింది. నస్రీన్ వచ్చి వాలు మీద చాలాచోట్ల గడ్డపార దింపి చూసింది. మోకాలి లోతుకు పైగా మన్ను. రాయి తగల్లేదు. నేల లేచిందని ఊరికి చెప్పింది. బూజు పని అయిపోయిందని, ఇక కోసినా అది నీళ్ళు లాగదని వివరించింది. ఆ ఏడు సుగ్గికి ఒక్క లారీ కూడా మాట్లాడలేదు.

మొదటి మడక ఉరుకుందప్ప కట్టాలని ఊరు అనుకుంది. ఎద్దులకు గిడ్డయ్య పసుపు పూశాడు. "ఏమప్పా కాపలాదారు, ఇంగ దగ్గొచ్చునా?" అని పెద్దగా దగ్గాడు. జనం నవ్వారు. సుంకమ్మ సెలవుకు వచ్చింది. ఆడవాళ్ళ మధ్యలో గట్టు మీద నిలబడి ఉంది.

ఉరుకుందప్ప మేడి పట్టుకున్నాడు. కర్రు నేలకు ఆనించే ముందు కాసేపు చెయ్యి ఆగింది. తర్వాత ఆనించాడు. మన్ను రెండుగా విచ్చుకుంది. ఎద్దులు నడిచాయి.

చేని అంచుకు వచ్చాడు. ఆ అంచున అతని నాయన రాయి లేదు, బిడ్డ రాయి లేదు. రాళ్ళను మన్ను చేయడమే ఆ బూజు పని. అంతా ఒకటే నేల. అతను నడుస్తూ నడుస్తూ ఒకచోట మడక పైకెత్తాడు. ఎద్దులు ముందుకు పోతుంటే, మనిషి పడుకునేంత మేర కర్రును గాలిలో పట్టుకుని నడిచాడు. ఆ తర్వాత మళ్ళీ దింపాడు.

జనంలో నవ్వులు ఆగాయి.

"ఆడ కాదు నాయనా."

ఉరుకుందప్ప ఎద్దులను నిలిపాడు. వెనక్కి తిరగలేదు.

సుంకమ్మ గట్టు దిగి వచ్చింది. చెప్పులు విడిచి, తడి మన్నులో నడిచి, అతను ఎత్తిన చోటు దాటి, ఇంకొంచెం పైకి పోయి నిలబడింది.

"ఈడ," అంది. "ఆ పొద్దు నా పిన్నులు పెట్టిన బండ ఈడికి సూటిగా ఉండె."

ఆమె చూపించిన వైపు బండ లేదు. ఈ మూడేళ్ళలో అదీ మన్నయింది.

ఉరుకుందప్ప కూతురి పాదాల దగ్గర నేలను చూశాడు. తాను ఎత్తిన చోటును చూశాడు. "అట్లనే బిడ్డా," అన్నాడు. ఎద్దులను అదిలించాడు. రెండో సాలులో ఆమె చెప్పిన చోట మడక ఎత్తాడు. తాను ముందు ఎత్తిన చోట కూడా ఎత్తాడు. ఆ తర్వాత ప్రతి సాలులోనూ అంతే చేశాడు.

ఆ ఏడు గుండ్లదిన్నె వాలు మీద కొర్ర నడుము ఎత్తున పండింది. ఉరుకుందప్ప చేనులో, అంచున, రెండు చోట్ల పైరు లేదు. ఒక్కోటి ఒక మనిషి పట్టేంత. రెండింటిలో ఏదో ఒకటి మారెక్క కొన్నాళ్ళు పడుకున్న చోటు. అది ఏదో తెలుసుకోవడానికి నస్రీన్ రెండు చోట్ల నుంచీ మన్ను తీసుకుపోయి కేంద్రంలో పరీక్షించింది. తేడా కనిపించలేదు. నేల అంత బాగా మానింది.